ప్యాలెస్ గ్రౌండ్స్‌లో రాక్ షోకి జంటగా వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే వాయించాయి. ప్రాణంగా వినే బ్యాండ్ మనమున్న ఊరికే వస్తే, ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూడటం పెద్ద పండగే.

• అన్నిటికన్నా ముఖ్యం చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చంటారు. ఆపైన 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు కొనండి. సన్నగా నలిపి, చెవిని పైకి లాగి దూర్చి, ఉబ్బేదాకా వేలితో నొక్కి ఉంచాలి. ఇంట్లోనే ఒకసారి పెట్టుకుని చూడండి. పాట వినపడదేమోనని భయం వద్దు, జోరు తగ్గుతుందంతే.

• రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు సాధారణంగా అనుమతి ఉండదు, అందుకే షో పెందలాడే మొదలవుతుంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు వాళ్లు మధ్యాహ్నమే బయల్దేరండి. సాయంత్రం మేఖ్రీ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ సంగతి తెలిసిందేగా!

• టికెట్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. గుర్తింపు కార్డు, కాళ్లకు బూట్లు. అక్టోబరైతే రెయిన్‌కోటు తెచ్చుకోండి; గొడుగు వద్దు, వెనకవాళ్లకు అడ్డం.

• అంత జనంలో ఫోన్ కలవకపోవచ్చు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి వెళ్లగానే అనుకోండి.

• ముందు వరుసల తోపులాట మీవారికి ఇష్టమో కాదో ముందే అడగండి. ఒక్కరికి ఇబ్బందైనా ఇద్దరూ వెనక్కి, సౌండ్ కన్సోల్ దగ్గరికి వచ్చేయండి. ఇంజనీరు అక్కడే విని సరిచేస్తాడు కాబట్టి పాట అక్కడ బాగా వినిపిస్తుంది.