బెంగళూరులో ఉంటూ బ్రెస్ట్ క్యాన్సర్ ముప్పు తగ్గించుకోవడం ఎలా?

బ్రా టైట్‌గా వేసుకుంటే వస్తుందని, డియోడరెంట్ వల్ల వస్తుందని వాట్సాప్‌లో తిరిగేవాటిని ముందు డిలీట్ చేసేయండి, వాటికి ఆధారం లేదు. వయసు, అమ్మకో అక్కకో ఉండటం, రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ జన్యువుల్లో తేడా, ఇవి మన చేతిలో లేవు. చేతిలో ఉన్నవాటి సంగతి చూద్దాం.

మొదట మందు. అవును, కోరమంగల, ఇందిరానగర్ వీకెండ్ల గురించే చెప్తున్నా. వైన్ అయితే పర్లేదంటారు గానీ వైనైనా బీరైనా విస్కీ అయినా ఈ విషయంలో ఒకటే, లెక్కంతా లోపలున్న ఆల్కహాల్‌ది. రోజుకు 10 గ్రాములు తాగినా ముప్పు 7 నుంచి 10 శాతం దాకా పెరుగుతుంది, 330 మి.లీ. మామూలు బీరులోనే 13 గ్రాములుంటుంది. ఇంతవరకు సేఫ్ అనే గీత లేదు. మానేస్తే మంచిది, లేదంటే ఎంత తగ్గిస్తే అంత. సిగరెట్ సంగతి వేరే చెప్పాలా?

తర్వాత బరువు, ముఖ్యంగా నెలసరి ఆగిపోయాక. అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తయారీ ఆపేసినా ఒంట్లో కొవ్వు దాన్ని తయారు చేస్తూనే ఉంటుంది, రొమ్ము కణాలు పెరగడానికి అది చాలు. మనవల్ని చూసుకోవడానికి కడప నుంచో అనంతపురం నుంచో వచ్చిన అమ్మలు, అత్తలు ఊళ్లో ఎంత తిరిగేవాళ్లో, ఇక్కడ మారతహళ్లి ఫ్లాట్‌లో కన్నడ రాదని కిందికే దిగరు. సాయంత్రం మీరే వెంటబెట్టుకుని నడవండి. రోజుకు అరగంట, వారానికి 5 రోజులు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా. మీకూ అదే లెక్క, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది మీరే కదా.

మెనోపాజ్ ఇబ్బందులకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ హార్మోన్లు కలిసిన మాత్రలు వాడుతుంటే, వాటితోనూ ముప్పు పెరుగుతుంది కాబట్టి, పాత చీటీతో మెడికల్ షాపులో కొంటూ పోకండి. ఇంకా అవసరమా, ఎన్నాళ్లు అని గైనకాలజిస్ట్‌ని అడగండి.

పాలివ్వడం కూడా ముప్పు తగ్గిస్తుంది, మొత్తం మీద ప్రతి 12 నెలలకు దాదాపు 4 శాతం. 50 మంది, ఆ పైన ఉన్న ఆఫీసులో క్రెష్, బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకు రెండు బ్రేకులు చట్టం ఇచ్చినవే, హెచ్‌ఆర్‌ని మొహమాటం లేకుండా అడగండి. పాలు పడకపోతే మాత్రం ఎవరి మాటా పడక్కర్లేదు.

ఇవన్నీ పాటించినా రావచ్చు. అందుకే 30 దాటాక డాక్టర్‌తో రొమ్ము పరీక్ష చేయించుకుంటూ ఉండండి. గడ్డ, చర్మంలో సొట్ట, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగొద్దు. నిమ్హాన్స్ దగ్గర ప్రభుత్వ కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి.