పనికిరాని పోస్టు అన్న ఫిర్యాదుపై గొడవ వస్తే ఎలా తేల్చాలి?

అనంతపురం జిల్లా చీనీ (బత్తాయి) రైతుల టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపులు నడిపేవారికి ఈ తలనొప్పి తప్పదు. ఒకరి పోస్టు నాసిరకంగా ఉందని మరొకరు ఫిర్యాదు చేస్తారు. తీసేస్తే పెట్టినవారికి, ఉంచితే ఫిర్యాదు చేసినవారికి కోపం వస్తుంది.

కావలసినవి తక్కువే: పిన్ చేసిన నియమాలు, ఇద్దరు అడ్మిన్లు, పోస్టు స్క్రీన్‌షాట్. టెలిగ్రామ్‌లో ‘రీసెంట్ యాక్షన్స్’ (తీసేసిన, మార్చిన సందేశాలను అడ్మిన్లకు చూపే జాబితా) 48 గంటల వరకే కనిపిస్తాయి కనుక, స్క్రీన్‌షాట్ తీయకుండా ఏ పోస్టునూ ముట్టుకోకూడదు. ఫిర్యాదు అందిందని పోస్టు పెట్టినవారికి, ఫిర్యాదు చేసినవారికి విడివిడిగా చెప్పండి.

చిక్కంతా తర్వాతి దశలోనే ఉంది. పోస్టు పెట్టింది ఎవరు, ఫిర్యాదు చేసింది ఎవరు అన్నది పక్కనపెట్టి, అది పనికిరానిదా లేక కేవలం తప్పా అన్నది తేల్చాలి. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చాలా గ్రూపుల్లో మంచి సమాధానాలు పోతున్నాయి. ఒక రైతు పసుపు తిరిగిన చీనీ ఆకు ఫొటో పెట్టి ‘ఇదేం రోగం?’ అని మాత్రమే అడిగాడనుకుందాం. చెట్టు వయసు, నేల ఎర్రదా నల్లరేగడా, నీరు ఎప్పుడు పెట్టారు అన్నవేవీ అందులో లేవు. అయినా అది సరిదిద్దదగిన పోస్టే. దానికి ఒకరు ‘జింకు లోపం’ అని, మరొకరు ‘ఇనుము లోపం’ అని రెండేసి మాటల్లో జవాబిస్తే, రెండింటిమీదా ఫిర్యాదులు వస్తాయి. రెండు లోపాల్లోనూ ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కుతుంది. జింకు లోపంలో కొత్త ఆకులు చిన్నవై సన్నబడతాయి. ఒకరి జవాబు తప్పే కావచ్చు, కానీ తప్పును కింద జవాబు రాసి సరిదిద్దాలి, పోస్టును తీయకూడదు. ఆ చర్చ చదివితేనే ఆకును ఎలా చూడాలో పదిమందికీ తెలుస్తుంది. ‘మా దుకాణంలో మందుంది, ఫోన్ చేయండి’ అన్నది మాత్రం జవాబే కాదు, దాన్ని తీసేయాలి.

పోల్ పెట్టి తేల్చడం కొందరికి న్యాయంగా తోస్తుంది. అది సరికాదు, ఎందుకంటే ఒకే ఊరివారు, బంధువులు ఒకవైపు ఓటేస్తారు. పైగా ఫిర్యాదులు పది వచ్చినా, ఒకటే వచ్చినా పోస్టులోని విషయం మారదు.

సరిదిద్దదగిన పోస్టుకు గడువివ్వాలి. టెలిగ్రామ్ గ్రూపులో సభ్యులు తమ సందేశాన్ని 48 గంటల్లోపు మార్చుకోగలరు. వాట్సాప్‌లో 15 నిమిషాలే కనుక కొత్తగా పెట్టమనాలి. ‘అన్నా, చెట్టు వయసు, నేల రకం చేర్చి మళ్లీ పెట్టండి, జవాబు దొరుకుతుంది’ అని వ్యక్తిగతంగా రాయండి. పోస్టు తీసేస్తే, ఏ నియమం ప్రకారం తీశారో పెట్టినవారికి తప్పక చెప్పాలి. ఫిర్యాదును తోసిపుచ్చినా, ఎందుకో ఒక వాక్యంలో ఫిర్యాదుదారుకు తెలపాలి.

మీ నిర్ణయాన్ని ఇద్దరిలో ఎవరైనా ఒప్పుకోకపోతే రెండో అడ్మిన్‌కు అప్పగించండి. అతడు ఏ పక్షానికీ బంధువు కాకూడదు. అతని నిర్ణయం తర్వాత కొత్త ఆధారం వస్తే తప్ప ఆ ఫిర్యాదును మళ్లీ తెరవకూడదు.