స్క్రీన్‌ప్లే పాఠాలు – 5: మాత్రల స్ట్రిప్ ఎవరి దగ్గరుంది?

నాలుగో పాఠం చివర మన చందును బోరబండ స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. ఇరవై మూడేళ్లవాడు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేశాడు. పొద్దున్నే హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఎక్కి ఫలక్‌నుమా దాకా వెళ్తాడు, అక్కడ ఏ పనీ లేకుండానే తిరుగు రైలెక్కుతాడు, సాయంత్రానికి కల్లు కాంపౌండుకు చేరతాడు. దారీ తెన్నూ లేని మనిషిని చూపించడం పెద్ద కష్టం కాదు; సగం పని రైలే చేసిపెడుతుంది. వాడిని మళ్లీ మనిషిని చేయడం దగ్గరే మన కలాలు తడబడతాయి.

మీరు రాయబోయే సీను ఏదో నాకు తెలుసు. తల్లి కొడుకును గదిలో పెట్టి గొళ్లెం వేస్తుంది. వాడు తలుపు బాదుతాడు, అరుస్తాడు, గోడకు ఆనుకుని కూలబడతాడు. వెనక పాట. రెండో చరణం అయ్యేసరికి కిటికీలోంచి ఎండ పడుతుంది, తలుపు తెరుచుకుంటుంది, వాడు వచ్చి తల్లి కాళ్ల మీద పడతాడు. నా మొదటి స్క్రిప్టులో నేనూ అచ్చంగా ఇదే రాశాను. కృష్ణానగర్‌లో టీ కొట్టు ముందు నిలబడి చదివి వినిపిస్తే, కొన్నాళ్లు ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన ఒక మిత్రుడు కప్పు కింద పెట్టి, "పాట పూర్తయ్యేలోపు మీ హీరో పోతాడండీ" అన్నాడు.

ఆయన వేళాకోళానికి అనలేదు. స్క్రిప్టులో "మత్తుకు బానిస" అని రాస్తే చాలదు, ఏ మత్తో తేలాలి. హెరాయిన్ మానినవాడికి ఎనిమిది, పన్నెండు గంటల్లో ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం మొదలవుతాయి; రెండో మూడో రోజు నరకం; వారానికి చాలావరకు తగ్గుతుంది. బాధ భయంకరమే గానీ, ఆ బాధ వల్లే ప్రాణం పోవడం అరుదు. సారాయి, విస్కీ అలా కాదు. ఏళ్ల తరబడి తాగినవాడు ఉన్నపళంగా ఆపేస్తే రెండు రోజుల్లోపే మూర్ఛలు రావచ్చు, మూడో రోజుకు మతి తప్పి లేని పురుగులు ఒంటి మీద పాకుతున్నట్టు కనిపించవచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికే వస్తుంది. నిద్రమాత్రలదీ ఇదే దారి.

ఇక చందు తాగే కల్లు. ఈత చెట్టు నుంచి దిగిన కల్లు అయితే మన కథే లేదు. కాంపౌండు కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి పట్టుబడిన కేసులు తెలంగాణలో కొత్త కాదు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? మందు కలవని కల్లు తాగిన జనం వణుకుతో, పిచ్చి చూపులతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. వాళ్లలో చాలామందికి తాము అలవాటుపడింది కల్లుకు కాదని తెలియనే తెలియదు. నా దృష్టిలో మన కథకు గుండెకాయ ఈ ముక్కే. చందు తనను తాను తాగుబోతు అనుకుంటున్నాడు. వాడి ఒళ్లు మాత్రం ఎవరో చెప్పకుండా పోసిన మాత్రలకు బానిసైంది.

కాబట్టి గొళ్లెం సీను కొట్టేయండి. ఒళ్లు అలవాటుపడిన నిద్రమందును డాక్టరు ఒక్కసారిగా ఆపరు. ఒంట్లో ఎక్కువసేపు పనిచేసే డైజిపాం లాంటి మాత్రకు మార్చి, మోతాదును వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. "వారాల తరబడి నాటకం ఎలా నిలుస్తుంది?" అని మీకు అనిపించవచ్చు. నాకు నిలుస్తుందనే అనిపిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు ఇంట్లో ఒక వస్తువు చేరింది: మాత్రల స్ట్రిప్. దాన్ని బానిస చేతికి ఇవ్వకూడదు, ఇంట్లో ఇంకొకరు దాచాలి, రోజుకింత అని లెక్కపెట్టి ఇవ్వాలి. ఎవరు దాస్తారు, ఎక్కడ దాస్తారు అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి, సీన్లు వాటంతటవే వస్తాయి.

మన కథలో ఆ పని అక్కది. ఆమె వాడిని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లే సీనును పొడిగించకండి. ఒక్క మాట చాలు. ఈ ఊళ్లో "ఎర్రగడ్డ" అనేది తిట్టు కూడా కాబట్టి, మేనమామ నోట ఆ పేరు వినపడగానే చందు చెప్పులు వేసుకుని బయటికి నడుస్తాడు. తమాషా ఏమిటంటే బోరబండ తర్వాతి స్టేషన్ భరత్‌నగర్, ఆసుపత్రి ఆ చుట్టుపక్కలే. ఇన్నేళ్లూ రోజూ దాని పక్క నుంచే పోయాడు. ఒకరోజు అక్కడ దిగుతాడు, అంతే. మాటలు వద్దు.

అసలు సీను ఇది. నేను రాసుకున్నట్టే ఇస్తున్నాను.

లోపల. వంటగది. రాత్రి.
అక్క పోపుల డబ్బా పై పళ్లెం ఎత్తి, కింద దాచిన స్ట్రిప్ తీస్తుంది. ఒక మాత్రను పీట మీద పెట్టి బ్లేడుతో సగానికి కోస్తుంది. ఒక సగం ఎగిరి ఎటో పడుతుంది. వెతుకుతుంది. దొరకదు. మిగిలిన సగం తమ్ముడికిస్తుంది.
అక్క: పొయ్యి కింద ఏమైనా పడిందా, చూశావా?
చందు: లేదక్కా.

లోపల. వంటగది. అర్ధరాత్రి.
చందు నేల మీద బోర్లా పడుకుని ఫోను వెలుతురులో పొయ్యి కింద చూస్తున్నాడు. వేళ్లకు తెల్లటి సగం ముక్క తగులుతుంది. దుమ్ము ఊదుతాడు. నీళ్ల చెంబు అందుకుంటాడు.

లోపల. వంటగది. పొద్దున.
అక్క పోపు వేయడానికి డబ్బా మూత తీస్తుంది. ఆవాల గిన్నెలో, నల్లటి గింజల మీద, సగం మాత్ర.
నూనె కాగిపోతోంది. ఆమె ఆవాలు వేయడం మరిచిపోతుంది.

చెంబు దగ్గర సీను ఎందుకు కోశానో గమనించండి. వాడు మింగకుండా ఆగిన క్షణాన్ని చూపిస్తే నటుడు ముఖం మీదికి మహాత్ముడిని తెచ్చుకుంటాడు. ఆవాల గిన్నెకు ఆ అవకాశం లేదు. అక్క కూడా వాడిని మెచ్చుకోకూడదు. మెచ్చుకునే డైలాగు రాసి ఉంటే ఇప్పుడే కొట్టేయండి, మాడిన నూనె వాసన చాలు.

ఒక హెచ్చరిక. ఈ సీను వాడు గెలిచిన సీను కాదు. దీని తర్వాత కనీసం ఒకసారి వాడు జారిపోవాలి, అదీ పెద్ద కారణం లేకుండా. స్నేహితుడి పెళ్లి, వాన, ఖాళీ మధ్యాహ్నం, ఏదైనా సరిపోతుంది. పెద్ద కారణం పెడితే తప్పు వాడి మీద నుంచి కారణం మీదికి పోతుంది. మన తెరకు 1953 నాటి దేవదాసు తాగి తాగి పార్వతి గుమ్మం ముందు ప్రాణం విడవడం అలవాటు చేసింది. తాగి, మానేసి, మళ్లీ తాగి, మళ్లీ పొద్దున్నే అక్క ముందు చేయి చాపేవాడిని చూడటం ప్రేక్షకుడికి ఇంకా కొత్తే. పోలీసుల ఉపకథ కావాలనిపిస్తే ఆరో పాఠం దాకా ఆగండి.

ఈ వారం పని: అక్క ఊరెళ్లింది. స్ట్రిప్ ఇప్పుడు తల్లి దగ్గరుంది, ఆమెకు చదువు రాదు, లెక్క వేళ్ల మీదే. చందు ఆమెను మోసం చేయగలడు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. రెండు పేజీలు, నాలుగుకు మించకుండా డైలాగులు. ఏడుపు ఎవరికీ లేదు.