పేగు మూలకణాలు, నాలుగో పాఠం: కేఐ67 దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం

పోయిన పాఠం చివర ఇచ్చిన బొమ్మలో మూలకణాల చుట్టూ గీత గీయమంటే, మీలో చాలామంది క్రిప్ట్ (పేగు లోపలి గోడలో ఉండే గుంత) మధ్య భాగమంతా చుట్టేసి పంపారు. అందుకని ఈసారి చెబుతానన్న ఆర్గనాయిడ్లు (ల్యాబ్‌లో పెంచే బుల్లి పేగులు) వాయిదా. మద్దిలపాలెం నుంచి ఒకమ్మాయి "సార్, ఎక్కువగా విభజన చెందేదే కదా మూలకణం?" అని నిలదీసింది కూడా. కాదమ్మా. తను అక్కడే నిలిచి ఉంటూ, పేగు పొరలోని అన్ని రకాల కణాలనూ పుట్టించేదే మూలకణం.

విల్లై అంటే క్రిప్ట్‌ల పైన వేళ్ళలా పొడుచుకొచ్చినవి, ఒక్కటైతే విల్లస్. ఇంతకుమించి మళ్ళీ చెప్పను. కేఐ67 మాత్రం చెప్పక తప్పదు. ఆ ప్రోటీన్ కనిపించిందంటే కణం విభజన చక్రంలో ఉందని అర్థం, అంతే. ఎలుక చిన్నపేగులో క్రిప్ట్ అడుగున ఉండే మూలకణం సుమారు రోజుకోసారి విభజన చెందుతుంది కాబట్టి దానిలోనూ కేఐ67 ఉంటుంది, దాని పైన ఉండే టీఏ కణాలు (మూలకణాల నుంచి పుట్టి కొద్దికాలమే విభజన చెందేవి) ఇంకా వేగంగా విభజన చెందుతాయి కాబట్టి వాటిలోనూ ఉంటుంది, పైగా సంఖ్యలో అవే ఎక్కువ. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో అందరికంటే ఎక్కువ సందడి చేసేది అరకు వెళ్తూ దారిలో ఆగిన టూరిస్టులు. వాళ్ళలో ఊరివాళ్ళెవరో సందడిని బట్టి తేలదు, రెండు నెలలాగి మళ్ళీ చూస్తే తేలుతుంది. టీఏ కణాలూ అంతే, కొద్ది రోజుల్లో పైకి జరిగి, విల్లస్ కొసకు చేరి రాలిపోతాయి. కేఐ67 మంచి స్టెయినే, కానీ అది జవాబిచ్చే ప్రశ్న వేరు.

మరి ఎక్కడ వెతకాలి? నేనైతే ముందు పానెత్ కణాలను, అంటే క్రిప్ట్ అడుగున సూక్ష్మజీవులను చంపే పదార్థాలు వదిలే కణాలను, పట్టుకుంటాను. వాటిలో ఉండే లైసోజైమ్ ఎంజైమ్‌కి స్టెయిన్ వేస్తే అవి ఇట్టే దొరుకుతాయి. వాటి మధ్య ఇరుక్కుని సన్నగా, నిలువుగా కనిపించేవే మనకు కావలసినవి. 1974లో చెంగ్, లెబ్లాండ్ వర్ణించినవి ఇవే. ఈ చిట్కా చిన్నపేగుకే, పెద్దపేగులో మామూలుగా పానెత్ కణాలుండవు. ఇంకో మాట, రంగులన్నీ కలిపిన బొమ్మను మొదటే చూడకండి. ఒక్కో ఛానెల్ విడిగా, నలుపు తెలుపులో చూడండి, కళ్ళు మోసపోవు.

ఇక ఎల్‌జీఆర్5 అనే జన్యువు. 2007లో నిక్ బార్కర్, హాన్స్ క్లెవర్స్ బృందం దీన్ని మూలకణ మార్కర్‌గా, అంటే మూలకణాన్ని పట్టిచ్చే గుర్తుగా, చూపింది. గొప్పతనం జన్యువు పేరులో లేదు, రుజువు చేసిన పద్ధతిలో ఉంది. దాన్నే ట్రేసింగ్ అంటారు. ఎల్‌జీఆర్5 పనిచేసే కణంలోనే క్రీ ఎంజైమ్ తయారయ్యేలా ఎలుకను సిద్ధం చేశారు. టామాక్సిఫెన్ అనే మందు ఇస్తే ఆ ఎంజైమ్ కేంద్రకంలోకి వెళ్ళి, నీలం రంగు తెప్పించే జన్యువుకు అడ్డంగా ఉన్న డీఎన్‌ఏ ముక్కను కత్తిరించేస్తుంది. గుర్తు పడింది డీఎన్‌ఏ మీద కాబట్టి తర్వాత ఎల్‌జీఆర్5 ఆగిపోయినా పిల్ల కణాలన్నీ నీలంగానే పుడతాయి. మర్నాడు చూస్తే అడుగున విడి నీలం కణాలు, ఐదో రోజుకి పైకి పాకిన నీలం పట్టీలు, అరవయ్యో రోజున కూడా ఆ పట్టీలు అలాగే ఉన్నాయి.

నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే. అరవయ్యో రోజున అడుగున ఒక్క నీలం కణం కనబడగానే "సార్, దొరికింది" అని ఫోటో పెడతారు. పానెత్ కణం కూడా వారాల తరబడి బతుకుతుంది, అది మూలకణం కానక్కర్లేదు. కావలసింది పట్టీ. అందులో ఎంటెరోసైట్ (పోషకాలు పీల్చుకునేది), గోబ్లెట్ (జిగురు వదిలేది), పానెత్, హార్మోన్లు విడుదల చేసే కణాలు, అన్నీ నీలంగా ఉండాలి. డీసీఎల్‌కే1 అనే ప్రోటీన్‌ని కూడా ఒకప్పుడు మూలకణ మార్కర్ అన్నారు, తీరా చూస్తే అది టఫ్ట్ కణాలనే వేరే రకం కణాల గుర్తు. బీఎమ్ఐ1 జన్యువు సంగతి ఇంకా చిక్కు. 2008లో దానితో వేసిన గుర్తులు కూడా నిలిచాయి, కాబట్టి అడుగు నుంచి నాలుగో స్థానంలో ఇంకో మూలకణం ఉందన్నారు. 2012లో చూస్తే బీఎమ్ఐ1 ఆర్‌ఎన్‌ఏ ఎల్‌జీఆర్5 కణాల్లోనూ ఉంది. అంటే ఆ గుర్తులు ఈ కణాలకే పడి ఉండొచ్చు, గుర్తు నిలిచినంత మాత్రాన మార్కర్ అనలేం.

యాంటీబాడీతో ఎల్‌జీఆర్5 చూడాలని డబ్బు తగలెయ్యకండి, ఆర్‌ఎన్‌ఏ ఇన్ సిటు (కోసిన ముక్కలోనే ఆర్‌ఎన్‌ఏ ఎక్కడుందో చూపే పద్ధతి) నయం. ఓఎల్ఎఫ్ఎమ్4 అనే ఇంకో మార్కర్ మరీ తేలిక, బాగా వెలుగుతుంది. మనిషిలో చిన్నపేగుకీ పెద్దపేగుకీ పనికొస్తుంది, ఎలుక పెద్దపేగులో మాత్రం రాదు. ఎలుక పెద్దపేగు మీద అది వేసి చూశానని గాజువాక నుంచి రాసినాయనకి ఖాళీ స్లైడ్ ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసుండాలి.

అభ్యాసం. మూడు జన్యువులనుకోండి. 'అ' ఆర్‌ఎన్‌ఏ అడుగున సన్నటి కణాల్లోనే ఉంది, ట్రేసింగ్‌లో ఐదో రోజుకి పట్టీ, అరవయ్యో రోజున ఏమీ లేదు. 'ఆ' ప్రోటీన్ క్రిప్ట్ అంతటా ఉంది, అరవయ్యో రోజున అన్ని రకాల కణాలతో పట్టీ ఉంది. 'ఇ' అరవయ్యో రోజున అడుగున విడి కణాలుగా మాత్రమే మిగిలింది. దేన్ని మార్కర్ అంటారు, దేనితో మూలకణాలకు గుర్తు పడిందని మాత్రమే అంటారు, ఒక్కో దానికి ఇంకే ప్రయోగం చేస్తే మీ అనుమానం తీరుతుంది? ఒక పేజీలో రాసి ఆదివారం లోపు పంపండి. కేఐ67 అనే మాట కనిపించిన కాగితాన్ని అక్కడితో చదవడం ఆపేస్తాను.