నిమ్మ, బత్తాయి చెట్టు ఎదగట్లేదా? ముందు వేరు చూడండి

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల తోట వేసేవాళ్లు నర్సరీలో పైరకం పేరు అడుగుతారు గానీ కింద ఏ వేరు మీద అంటు కట్టారో అడగరు. బత్తాయి అంటు మొక్కలో నిజానికి రెండు చెట్లున్నాయి. కాయ గుణం ప్రధానంగా పైకొమ్మ జన్యువులది. సున్నం నేలలో ఇనుము లాగడం, ఊటను తట్టుకోవడం కింది మొక్క జన్యువుల పని. నాటాక ఆ జన్యువుల్ని మార్చలేం. అవి సరిగ్గా పనిచేసే పరిస్థితి కల్పించడం మాత్రం మన చేతిలోదే.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

ఇది ఇనుము అందకపోవడం. మన నల్లరేగడిలో ఇనుముకు కొదవ లేదు, కానీ సున్నం పాలు ఎక్కువైన చోట అది కరగదు. అలాంటప్పుడు వేరు కొన్ని జన్యువుల్ని మేల్కొలుపుతుంది. ఒకటి (ఎఫ్‌ఆర్‌ఓ రకం) ఇనుమును వేరు తీసుకోగల రూపంలోకి మార్చే ఎంజైమును తయారుచేయిస్తుంది, ఇంకొకటి (ఐఆర్‌టీ1) దాన్ని లోపలికి లాగే ద్వారాన్ని కట్టిస్తుంది. అంటుకు కింద వాడే నిమ్మ జాతి మొక్కల్లో మూడాకుల నారింజ వేరు ఈ పనిలో బాగా వెనకబడుతుంది. రంగపూర్ నిమ్మ, జంబేరి మెరుగు. అయితే నీళ్లు నిలిచి బైకార్బొనేట్ పెరిగితే మంచి వేరులో కూడా ఈ పని మందగిస్తుంది. అందుకే ముందు నీళ్లు తగ్గించండి. తర్వాత లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి లేత చిగురు మీద చల్లపూట పిచికారీ చేయండి. పశువుల ఎరువు మానొద్దు.

పాదు తడిగానే ఉంది, అయినా ఆకు వడలుతోంది

ఎక్కువ చెట్లు పోయేది దీనివల్లే. వడలిందని ఇంకా నీళ్లు పెడతారు, అక్కడితో చెట్టు పని అయిపోతుంది. పాదులో జానెడు లోతు తవ్వి ఒక పీచు వేరు తీసి రెండు వేళ్ల మధ్య నలపండి. పైతోలు మెత్తగా ఊడి, లోపలి దారం ఒక్కటే చేతిలో మిగిలితే అది ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవి తెచ్చే వేరుకుళ్లు. గాలాడని మట్టిలో వేరు ఎదుగుదల ఆపేసి, ఆక్సిజన్ లేకుండా బతికే జన్యువుల్ని నడుపుకుంటుంది. అది కొద్దిరోజుల సర్దుబాటే. ఈలోగా ఫైటాఫ్తోరా బీజాలు ఆ నీటిలోనే ఈదుకుంటూ వేరును చేరతాయి. జంబేరి దీనికి తేలిగ్గా లొంగుతుంది, రంగపూర్ నిమ్మ కొంత నయం. మూడాకుల నారింజ గట్టిగా నిలబడుతుంది, కానీ సున్నం నేలలో దాని తిప్పలు పైన చెప్పుకున్నాం. అన్నిచోట్లా గెలిచే వేరు లేదు. మట్టి పరీక్ష చేయించి వేరు ఎంచుకోమనేది అందుకే.

వెంటనే నీరు బయటికి పోయేలా బోదె తీయండి. మొదలుకు నీరు తగలకుండా రెండు వలయాల పాదు చేసి, బయటి వలయంలోనే నీరు పెట్టండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో బోర్డో పేస్టు చేసి మొదలుకు పూయండి. పశువుల ఎరువులో మాగబెట్టిన ట్రైకోడెర్మా (మేలుచేసే శిలీంధ్రం) పాదుకు వేయండి. అంటు అతుకు మట్టిలో కూరుకుపోయి ఉంటే ఆ మట్టి తీసేయాలి.

ఒకే వరుసలో కొన్ని మొక్కలే గిడసబారడం

అంటుకు కింది మొక్కను గింజ నుంచే పెంచుతారు. నిమ్మ జాతిలో చాలా రకాల గింజల్లో ఒక్కోదాని నుంచి రెండు మూడు మొలకలు రావచ్చు. చాలావరకు తల్లి కణజాలం నుంచి పుట్టినవే, అచ్చం తల్లే. ఈ గుణానికి మూలమైన సిట్‌ఆర్‌డబ్ల్యూపీ జన్యువును 2017లో వెల్లడించారు. పుప్పొడి కలిసి పుట్టినవి మాత్రం వేరే జన్యువులతో వస్తాయి, వాటి వేరు బలం చెప్పలేం. మరీ పొట్టివి, ఆకు తీరు తేడాగా ఉన్నవి నారుమడిలోనే ఏరేయాలి. కొనేముందు ఒక సంచి చింపి చూపించమనండి. తల్లివేరు కొంకి తిరిగినా, సంచి అడుగున చుట్టలు చుట్టుకున్నా ఆ మొక్కలు తీసుకోవద్దు. తోటలో ఇప్పటికే గిడసబారినవి ఉంటే మందుల మీద డబ్బు పోయకండి, పీకి కొత్తవి నాటండి.