కెనడా వచ్చే ఉద్దానం వెల్డర్లకి: విమానం నడపాలనుకుంటే

మొన్న సెలవుకి ఊరొచ్చినప్పుడు సోంపేటలో ఒక వెల్డింగ్ ట్రైనింగ్ షెడ్డు ముందు ఆగాను. పదిహేనేళ్ల కిందట నేను 6జి టెస్ట్ (ఏటవాలుగా బిగించిన పైపుని చుట్టూ అతికించే వెల్డింగ్ పరీక్ష) కోసం పైపు కింద నడుం వంచి నేర్చుకున్నది ఇలాంటి రేకుల షెడ్డులోనే. లోపల ఒక కుర్రాడు రూట్ పాస్, అంటే అతుకులో మొదటి వరుస, ముగించి, మాస్క్ పైకెత్తి నన్ను గుర్తుపట్టాడు. "అన్నా, నువ్వు ఇప్పుడు విమానం నేర్పుతున్నావంట. వెల్డరు పైలట్ అవుతాడేటి?" అని అడిగాడు. అక్కడ నిలబడి చెప్పిన నాలుగు మాటలు సరిపోలేదు. వాడికీ, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు నుంచి కెనడా బయలుదేరే మిగతా తమ్ముళ్లకీ కలిపి ఇది రాస్తున్నాను.

అవుతాడు. నేను గల్ఫ్‌లో ఆరేళ్లు, తర్వాత కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో పైపులు వెల్డింగ్ చేశాను. ఆ జీతంతోనే లైసెన్సులు తీసుకుని ఇప్పుడు ఎడ్మంటన్ దగ్గర ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నాను. ఎయిర్‌లైన్ సీటు ఇంకా దొరకలేదు, దానికి కావలసిన గంటలు పోగవుతున్నాయి. ఈ దారిలో నాకు తెలిసిందల్లా ఒక్కటే: టార్చ్ కింద పెట్టేసి పైలట్ అవ్వలేం, టార్చే మనల్ని పైలట్‌ని చేస్తుంది.

దిగగానే ఫ్లయింగ్ స్కూల్‌కి పరిగెత్తకండి. మొదటి ఏడాది పని మీదే పెట్టండి. సిన్ నంబరు (కెనడాలో పని చేయడానికి కావలసిన గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, కారు లైసెన్సు, మంచి చలికోటు అందరూ చెప్పేవే. మనకి అసలైనది రెడ్ సీల్, అంటే కెనడా అంతా చెల్లే వృత్తి సర్టిఫికెట్. అనుభవం చూపించి ఆ పరీక్ష రాసే దారి ఉంది, 70 శాతం రావాలి. అల్బర్టాలో దాని మీద బీ ప్రెషర్ టికెట్ (ప్రెషర్ పైపులు వెల్డ్ చేసే అర్హత) కూడా తెచ్చుకుంటే పైపు పనిలో జీతం బాగా పెరుగుతుంది. ఫోర్ట్ మెక్‌ముర్రే వైపు చమురు పనుల క్యాంపుల్లో 14 రోజులు పని, 7 రోజులు సెలవు లాంటి రొటేషన్లు ఉంటాయి. ఆ ఏడు రోజులే మీ ఫ్లయింగ్ స్కూలు. అయితే వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు కోర్సులో చేరేముందు స్టడీ పర్మిట్ కావాలో అక్కర్లేదో ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గరే తేల్చుకోండి. నేను పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాకే మొదలుపెట్టాను, మనసు కుదుటపడింది.

డబ్బు కట్టేముందు మెడికల్. దీన్ని మాత్రం మరిచిపోవద్దు తమ్ముళ్లూ. జీతానికి విమానం నడపాలంటే కేటగిరీ 1 మెడికల్ కావాలి. ట్రాన్స్‌పోర్ట్ కెనడా (అక్కడి రవాణా శాఖ) గుర్తించిన డాక్టరే చేస్తారు. గుండెకి ఈసీజీ, చెవికి ఆడియోగ్రామ్, కంటిచూపు, రంగులు గుర్తుపట్టడం, మూత్ర పరీక్ష ఉంటాయి. కళ్లజోడు ఉన్నా ఫర్వాలేదు, దానితో చూపు సరిపోతే చాలు. మన పనిలో పాడయ్యేవి సరిగ్గా ఆ కళ్లూ, చెవులే. ఆర్క్ తగిలి రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టు మండితే బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని పడుకుని, పొద్దున్నే మళ్లీ పనికి వెళ్లిన రోజులు నాకూ ఉన్నాయి. అది తప్పు. పైలట్ కావాలనుకున్న రోజు నుంచే సరైన షేడ్ అద్దం లేకుండా ఆర్క్ కొట్టొద్దు, గ్రైండర్ పక్కన ఇయర్ ప్లగ్ లేకుండా నిలబడొద్దు.

ఇక మూత్ర పరీక్ష అంటే ఉద్దానం వాళ్లకి వేరే భయం. ఒంట్లో ఏ బాధా లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మన ప్రతి వీధిలో ఉన్నారు. విమానం సంగతి పక్కన పెట్టినా, ఊరు వదిలేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకోండి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది కదా.

చదువు గురించి టెన్షన్ వద్దు. పది తర్వాత ఐటీఐ చేసినవాళ్లకి మన దేశంలో దారి మూసుకుపోయినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ కమర్షియల్ లైసెన్సుకి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ అడుగుతూ వచ్చారు. కెనడా లైసెన్సుకి అలాంటి నియమం లేదు. కానీ భోగాపురం నుంచో, హైదరాబాద్ నుంచో ఎగరాలని ఎప్పటికైనా అనుకునేవాళ్లు ఆ రెండు సబ్జెక్టులూ ఓపెన్ స్కూల్లో రాసి పెట్టుకోండి. కెనడా లైసెన్సుని ఇండియా లైసెన్సుగా మార్చుకునేటప్పుడు డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పరీక్షలు కూడా మళ్లీ రాయాలి.

మెట్లు ఇలా ఉంటాయి. ప్రైవేట్ లైసెన్సుకి కనీసం 45 గంటలు, చాలామందికి 60 దాటుతుంది. కమర్షియల్‌కి మొత్తం 200 గంటలు, అందులో 100 గంటలు మీరే పైలట్‌గా ఉండాలి. ఒకసారి బయలుదేరిన చోటుకి 300 నాటికల్ మైళ్ల దూరం, అంటే సుమారు 555 కిలోమీటర్లు వెళ్లి రావాలి. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కి తిన్నగా గీత గీస్తే దాదాపు అంత. తర్వాత ఒకటికి మించి ఇంజిన్లున్న విమానానికి మల్టీ ఇంజిన్ రేటింగ్, బయట కనిపించకపోయినా మీటర్లు చూసి నడపడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్. పెద్ద విమానానికి కెప్టెన్ కావడానికి కావలసిన ఏటీపీఎల్ లైసెన్సుకి 1,500 గంటలు.

ఖర్చు కమర్షియల్, ఆ రెండు రేటింగులూ కలిపి 80,000 నుంచి 1,10,000 కెనడా డాలర్ల దాకా అవుతుంది. డాలరు 60 రూపాయలు వేసుకున్నా 48 నుంచి 66 లక్షలు. దీనికోసం జీడితోట తాకట్టు పెట్టొద్దు, నాన్నతో అప్పు చేయించొద్దు. ఎన్ని గంటలు ఎగిరితే అన్ని గంటలకే కట్టండి. డిస్కౌంట్ వస్తుందని నేను ఒక స్కూల్‌కి ముందే పెద్ద మొత్తం కట్టాను. నాలుగు నెలలకి ఆ స్కూలు మూతపడింది, సగం డబ్బు తిరిగి రాలేదు. అది రెండు షట్‌డౌన్ల (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు పనుల) సంపాదన. చెల్లి పెళ్లికి పంపాల్సింది ఆలస్యమైంది, అమ్మకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

పని నేర్పినవి ఇక్కడ అక్కరకొస్తాయి. చలికాలంలో ఎడ్మంటన్ దగ్గరి విల్‌నవ్ ఎయిర్‌పోర్టులో రెక్క మీద చేయి వేస్తే ఉప్పు కాగితంలా గరుకుగా మంచు తగులుతుంది. అది పల్చగా ఉన్నా రెక్కకి లిఫ్ట్ (పైకి లేపే బలం) తగ్గిపోతుంది, పూర్తిగా తుడవందే ఎగరకూడదు. నీలిరంగు పెట్రోల్ కొంచెం గ్లాసులోకి తీసి అడుగున నీళ్లున్నాయేమో చూడాలి. ఎక్స్‌రేకి వెళ్లే జాయింట్‌ని వెల్డర్ ఎలా చూసుకుంటాడో అలా విమానం చుట్టూ తిరగడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక్క అలవాటు మాత్రం వదిలించుకోవాలి. వెల్డర్ కన్ను ఎప్పుడూ జానెడు దూరంలో, కరిగిన లోహం మీద ఉంటుంది. నేను దిగేటప్పుడు కూడా ముక్కు కిందున్న నేలనే చూసేవాణ్ణి, విమానం ఎగిరెగిరి పడేది. "రన్‌వే చివర చూడు" అని ఇన్‌స్ట్రక్టర్ ఎన్నిసార్లు చెప్పిందో. పదకొండో పాఠంలో నిజంగా చివర చూశాను. చక్రాలు ఎప్పుడు తగిలాయో తెలియలేదు.

రేడియో ఇంగ్లీషుకి భయపడకండి. ఆ మాటలు లెక్కపెట్టినన్నే ఉంటాయి, నిదానంగా, స్పష్టంగా పలికితే చాలు. క్యాంపు గదిలో రాత్రిపూట టవర్ మాటలు వింటూ, విన్నది తిరిగి పలుకుతూ నేర్చుకున్నాను.

కమర్షియల్ వచ్చాక గంటలు పెంచుకోవడానికి రెండు దారులు: ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్, లేదా ఉత్తరాన చిన్న ఊళ్లకి సరుకులు మోసే విమానాలు. రెండింటిలోనూ మొదట్లో జీతం వెల్డర్ జీతం కన్నా తక్కువ. అందుకే రెడ్ సీల్ టికెట్ బతికించుకోండి. నేను ఇప్పటికీ వసంతంలో ఒక షట్‌డౌన్‌కి వెళ్లి వస్తాను.

ఇంకొక్కటి, ఇది ఈరోజే మొదలుపెట్టండి. ఎక్కడ పనిచేసినా వదిలేముందు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఏ పని, ఎన్ని గంటలు అని రాయించుకుని సంతకం, స్టాంపు తీసుకోండి. "మూడేళ్లు పనిచేశాడు" అంటే చాలదు, ఇక్కడ రెడ్ సీల్ వాళ్లు గంటలే అడుగుతారు. గల్ఫ్‌లో సబ్ కాంట్రాక్టర్లు ప్రాజెక్టు అవగానే చెదిరిపోతారు. నా రెండేళ్ల కాగితం కోసం పాత ఫోర్‌మన్‌ని వెతకడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ షెడ్డు కుర్రాడికి ఆ రోజు ఫోన్‌లో ఆ లెటర్ నమూనా పంపాను. ముందు క్రియాటినిన్ రిపోర్ట్ తీసి నాకు పంపమన్నాను. నిన్న వచ్చింది, 0.9 ఉంది, మామూలే.