ఇంగ్లీషు టీచర్లకు భాషాశాస్త్రం – 4వ పాఠం: తప్పును చదవడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీ క్లాసులో పిల్లలు ఇంగ్లీషు మాటల చివర ఎక్కడెక్కడ అచ్చు చేరుస్తున్నారో వారం రోజులు విని రాసుకోమన్నాను. బస్సు, పెన్ను, రోడ్డు అందరికీ దొరికే ఉంటాయి. అవి ఏనాడో తెలుగు మాటలైపోయాయి, వాటిని పక్కన పెట్టేయండి. మనకు కావలసినవి ‘ఆస్క్‌డ్’, ‘హెల్ప్‌డ్’ లాంటివి. మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి పడే ఇలాంటి చోట పిల్లలు అచ్చు చేర్చడానికి బదులు చాలాసార్లు చివరి శబ్దాన్ని మింగేసి ‘ఆస్క్’ అని ఊరుకుంటారు. ఆ పిల్లవాడికి గతకాలం రాదని మనం అనుకుంటాం. నిజానికి గతకాలం వాడి బుర్రలో ఉండి, నాలుక దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. మీ జాబితాలో ఇలాంటివి ఉంటే దాచుకోండి, ఇవాళ పనికొస్తాయి.

ఈ పాఠంలో నేర్చుకోబోయే పని ఒక్కటే: తప్పును దిద్దే ముందు చదవడం. దిద్దడం మనందరికీ వచ్చు. ఎర్ర పెన్ను పట్టుకుంటే చెయ్యి దానంతట అదే కదులుతుంది. చదవడానికి మాత్రం సాధన కావాలి.

ఒక నోటుబుక్కు పేజీతో మొదలుపెడదాం. ఏడో తరగతి అమ్మాయి సెలవుల గురించి రాసింది. ఆ వాక్యాలను తెలుగు లిపిలో పెడుతున్నాను, ఒకసారి పైకి చదవండి.

“లాస్ట్ సండే వి వెంట్ టు మై గ్రాండ్‌మదర్ విలేజ్. దేర్ వన్ బిగ్ ట్రీ ఈజ్ దేర్. మై అంకుల్ బ్రింగ్‌డ్ మ్యాంగోస్. వి ఆల్ ఈటెడ్. మై గ్రాండ్‌మదర్ విల్ గెటప్ ఎట్ ఫోర్ ఓ క్లాక్ డైలీ. షి హ్యావ్ టూ బఫెలోస్. ఐ యామ్ లైకింగ్ దట్ విలేజ్ వెరీ మచ్.”

ఏడు వాక్యాలు. ఏ తప్పూ లేనిది ఒక్కటి కూడా లేదు. పదికి మూడు మార్కులు వేసి పక్కన పెట్టేసే పేజీ ఇది. చాలా ఏళ్ళు నేనూ అలాగే వేశాను. ఇప్పుడు ఒక్కో తప్పు దగ్గరా ఆగి, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుదాం.

‘బ్రింగ్‌డ్’, ‘ఈటెడ్’ తీసుకోండి. ఈ మాటలు ఆ అమ్మాయి ఎక్కడ నేర్చుకుంది? పుస్తకంలో లేవు. టీచరు నోట రాలేదు. టీవీలో వినపడవు. అంటే ఎవరూ నేర్పలేదు, తనే తయారు చేసుకుంది. గతం చెప్పాలంటే క్రియ చివర ఫలానా శబ్దం చేర్చాలన్న సూత్రం పట్టుకుంది కాబట్టే తయారు చేయగలిగింది. మన ఇళ్ళల్లోనూ ఇది వింటూనే ఉంటాం. మా అక్క మనవరాలు మూడేళ్ళప్పుడు బొమ్మల పుస్తకం చూపిస్తూ “అమ్మమ్మా, ఎన్ని ఇల్లులో!” అంది. ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ‘ఇల్లులు’ అనరు. ‘బొమ్మలు’, ‘కుక్కలు’, ‘చెట్లు’ వినీ వినీ ‘లు’ చేర్చాలని ఆ పిల్ల తనంతట తాను కనిపెట్టింది. ‘ఇళ్ళు’ అన్న మినహాయింపు ఇంకా దాని దగ్గరికి చేరలేదు, అంతే.

పిల్లలు సూత్రాలు పట్టుకుంటారన్నది ఊహ కాదు. అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు 1958లో దీన్ని చాలా అందంగా చూపించింది. పిట్టలాంటి ఒక జీవి బొమ్మ గీసి, దానికి ‘వగ్’ అని లేని పేరు పెట్టింది. నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లలకు ఆ బొమ్మ చూపించి “ఇది ఒక వగ్. ఇప్పుడు రెండున్నాయి. ఇవి రెండు...?” అని ఆపేది. పిల్లలు ‘వగ్జ్’ అని పూర్తి చేశారు. లోకంలో లేని మాటకు బహువచనం ఎవరూ చెప్పి ఉండరు కదా. అందుకే ఆ ప్రయోగం అంత పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు అదే పేజీలో మొదటి వాక్యం చూడండి. అక్కడ ‘వెంట్’ సరిగ్గానే రాసింది. అది వచ్చిన పిల్లకు ‘బ్రాట్’ రాలేదేం? ‘వెంట్’ను సూత్రం ప్రకారం నేర్చుకోలేదు, విన్న మాటను విన్నట్టు ముద్దలా దాచుకుంది. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లలూ ఇదే దారిలో వెళ్తారు: ముందు ‘వెంట్’ అంటారు, తర్వాత సూత్రం దొరికాక కొన్నాళ్ళు ‘గో’కు కూడా అదే తోక తగిలిస్తారు, ఆ తర్వాత మళ్ళీ ‘వెంట్’కు వస్తారు. మధ్య దశలో వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. అది వెనక్కి పోవడం కాదు, సూత్రం కొత్తగా చేతికొచ్చిందని గుర్తు. నిన్నటిదాకా సరిగ్గా అన్న పిల్ల ఇవాళ తప్పుగా అంటోందని టెన్షన్ పడే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పండి.

ఇక ‘దేర్ వన్ బిగ్ ట్రీ ఈజ్ దేర్’. దీన్ని తెలుగులోకి మాటకు మాట మార్చండి. అక్కడ, ఒక, పెద్ద, చెట్టు, ఉంది. ఎక్కడా అతుకు కనపడదు. మొదటి ‘దేర్’ మన ‘అక్కడ’, చివరి ‘ఈజ్ దేర్’ మొత్తం కలిపి మన ‘ఉంది’. ‘వన్’ మన ‘ఒక’. ఇక్కడ పిల్ల ఇంగ్లీషు మాటలతో తెలుగు వాక్యం కట్టింది. మాతృభాష నుంచి వచ్చే ఇలాంటి దాన్ని బదిలీ అంటారు.

‘గ్రాండ్‌మదర్ విలేజ్’ కూడా బదిలీయే, అయితే కొంచెం లోతుగా చూడాలి. తెలుగులో ‘రాముడు’ అన్నదాన్ని ‘రాముడి ఇల్లు’ అని మారుస్తాం, ‘ఇల్లు’ను ‘ఇంటి తలుపు’ అంటాం. కానీ ‘అమ్మమ్మ ఊరు’, ‘అమ్మ చీర’ అన్నప్పుడు మధ్యలో ఏ గుర్తూ పెట్టం. ‘అమ్మమ్మ’ మారదు. కాబట్టి అమ్మమ్మ పక్కన ఇంగ్లీషులో ఇంకేదో చేర్చాలని ఆ పిల్లకు తోచలేదు. ఈ ఒక్క తప్పు వెనక ఎంత తెలుగు వ్యాకరణం ఉందో చూడండి. ఇది తెలుగు తెలిసిన టీచరుకే కనపడుతుంది. మాతృభాషను క్లాసు బయట వదిలి రావాలనేవాళ్ళతో నేను ఒప్పుకోలేనిది ఇందుకే.

తెలుగు పిల్లల ఇంగ్లీషులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే తప్పు ‘విల్ గెటప్ డైలీ’. పదో తరగతి దాకా, కొందరికి డిగ్రీ దాకా వెంట వస్తుంది. కారణం మన ‘-తా-’లో ఉంది. “రోజూ నాలుగింటికి లేస్తాను.” “రేపు నాలుగింటికి లేస్తాను.” రెండు చోట్లా ‘లేస్తాను’ ఒక్కటే. అలవాటుకూ, జరగబోయేదానికీ తెలుగు ఒకే రూపం వాడుతుంది. ఏదో తేల్చడానికి ‘రోజూ’, ‘రేపు’ ఉన్నాయి. ఇంగ్లీషులో ఆ రెండూ విడిపోతాయి. ‘లేస్తాను’ అంటే ‘విల్ గెటప్’ అని మనమే ఒకరోజు బోర్డు మీద రాస్తాం. పిల్ల ఆ పాఠాన్ని నమ్మకంగా పాటించింది. ఇప్పుడు మీరు ‘విల్’ను కొట్టేసి పైన ‘గెట్స్’ అని రాస్తే ఏమర్థమవుతుంది? ఈ వాక్యంలో కొట్టేశారని అర్థమవుతుంది, అంతే. రేపు మళ్ళీ రాస్తుంది. దానికి బదులు బోర్డును రెండు నిలువు గడులు చేసి ఒకదాని మీద ‘రోజూ’, ఇంకోదాని మీద ‘రేపు’ అని రాయండి. పిల్లల చేత తెలుగు వాక్యాలు చెప్పించి, ఏది ఏ గడిలోకి వెళ్తుందో వాళ్ళనే తేల్చమనండి. ఇంగ్లీషు ఆ తర్వాత. నేను ఇది చేసినప్పుడు ఒక అబ్బాయి లేచి “అంటే మనం ఒకటే అంటాం, వాళ్ళు రెండంటారు” అన్నాడు. ఆ రోజు అంతకంటే నేర్పవలసింది ఏమీ మిగల్లేదు.

‘షి హ్యావ్ టూ బఫెలోస్’ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. ‘హ్యాజ్’ అనాలి, నిజమే. హి, షి, ఇట్‌ల తర్వాత క్రియకు వచ్చే ఆ ‘స్’ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు, నోట స్థిరపడడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన ముగ్గురు పిల్లలు ఆ భాష నేర్చుకోవడాన్ని దగ్గర నుంచి గమనించి రోజర్ బ్రౌన్ అనే పరిశోధకుడు 1973లో పద్నాలుగు రూపాల వరస ఇచ్చాడు. క్రియ చివర వచ్చే ‘-ఇంగ్’ ఆ వరసలో మొదట ఉంది, ఈ ‘స్’ చాలా వెనక ఉంది. స్పానిష్, చైనీస్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు కూడా రూపాలు ఒకదాని తర్వాత ఒకటిగా, రెండు భాషల వాళ్ళకూ ఇంచుమించు ఒకే క్రమంలో వస్తున్నాయని ఆ తర్వాత డూలే, బర్ట్ అనే పరిశోధకులు చూపించారు. కాబట్టి ఏడో తరగతిలో ఈ ‘స్’ లేదని దిగులు పడకండి.

నేను చూపించాలనుకున్నది వేరే. తెలుగులో ‘కలిగి ఉండు’ అనేది పుస్తకాల మాట. ఇంట్లో మనం “మా అమ్మమ్మకు రెండు గేదెలు ఉన్నాయి” అంటాం. ఆ లెక్కన ఈ పిల్ల “టు మై గ్రాండ్‌మదర్ టూ బఫెలోస్ ఆర్ దేర్” అని రాయాలి. రెండో వాక్యంలో చెట్టు గురించి అలాగే రాసింది కూడా. గేదెల దగ్గరికి వచ్చేసరికి తెలుగు కట్టడాన్ని వదిలేసి ‘షి హ్యావ్’ అంది. ‘కు’ను వదిలి, మనిషిని కర్తగా పెట్టి, మనకు వాడుకలో లేని క్రియను తెచ్చింది. ఈ పేజీ మొత్తంలో పెద్ద అడుగు ఇదే. ఎర్ర పెన్ను సరిగ్గా దాని మీదే గీత పెడుతుంది.

ఆఖరి వాక్యం ‘ఐ యామ్ లైకింగ్’. తెలుగును నిందించే ముందు తెలుగు వాక్యం చెప్పి చూడండి: “నాకు ఆ ఊరు చాలా ఇష్టం.” అందులో అసలు క్రియే లేదు, ‘-తున్నాను’ రావడానికి చోటే లేదు. ఇది తెలుగు నుంచి రాలేదు. ‘-ఇంగ్’ తొందరగా పట్టుబడే రూపం, దానికి తోడు మనం కంటిన్యూయస్‌ను వారాల తరబడి వల్లె వేయిస్తాం. పైగా “ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్” అని క్లాసులో మనమే అంటుంటాం. కొన్ని తప్పులకు మూలం మన పాఠంలోనూ, మన నోటిలోనూ ఉంటుంది. ఒప్పుకోవడం కష్టమే, కానీ అన్నిటికంటే సులువుగా సరిచేయగలిగినవి ఇవే.

ఇప్పటిదాకా చేసినదానికి ఒక చరిత్ర ఉంది, క్లుప్తంగా చెప్తాను. రెండు భాషలను పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తే తప్పులన్నీ ముందే చెప్పేయవచ్చని 1957లో, భాషాశాస్త్రవేత్త రాబర్ట్ లాడో కాలంలో, నమ్మారు. ‘ఈటెడ్’ లాంటివి ఆ లెక్కకు లొంగలేదు. పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో, విద్యార్థి తప్పు అతను ఎంతవరకు వచ్చాడో చెప్పే సాక్ష్యం అన్నాడు. తెలిసీ జారిన పొరపాటు వేరు, తెలియక చేసే తప్పు వేరు అని కూడా విడదీశాడు. 1972లో లారీ సెలింకర్ ఇంకో మెట్టు ఎక్కాడు: విద్యార్థి మాట్లాడేది చెడిపోయిన ఇంగ్లీషు కాదు, మాతృభాషకూ ఇంగ్లీషుకూ మధ్య తనకంటూ సూత్రాలున్న ఒక భాష. దాన్ని మనం మధ్యభాష అందాం. పై పేజీని మధ్యభాషగా మళ్ళీ ఒకసారి చదవండి, వేరే పేజీలా కనిపిస్తుంది.

పొరపాటా, తప్పా అని తేల్చడానికి సులువైన దారి ఉంది. వాక్యాన్ని పిల్ల చేతే పైకి చదివించండి. చదువుతూ తనే ఆగి సరిచేసుకుంటే పొరపాటు, వదిలేయండి. రెండోసారి కూడా అలాగే చదివితే అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. తెలుగులో మాటకు మాట ఇలాగే వస్తుందా? ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన చిన్న పిల్ల కూడా ఇలా అంటుందా? నేను నేర్పినదాని వల్లా, నా నోట విన్నదాని వల్లా వచ్చిందా? ఈ మూడు ప్రశ్నలూ నోటికి వచ్చేస్తే ఈ పాఠం మీకు వచ్చినట్టే.

మొదటిదానికి జవాబు అవునైతే రెండు భాషలూ పక్కన పెట్టి చూపించాలి, ‘రోజూ–రేపు’ గడుల్లాగా. రెండోదానికి అవునైతే ఎక్కువ దిద్దకండి. ‘బ్రాట్’, ‘ఏట్’ పదే పదే వచ్చే కథలు చదివించండి, మిగతాది కాలం చూసుకుంటుంది. మూడోదైతే మన పాఠం మార్చుకోవాలి. ఒక పేజీకి ఒక్క తప్పు మీదే పని చేయండి. ఏడింటి మీద పని చేస్తే ఒక్కటీ నిలవదు.

నోటితో దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త. పిల్లవాడు తప్పుగా అన్నదాన్ని మనం సరిగ్గా తిరిగి అనేసి ముందుకు పోతుంటాం. కెనడాలో ఫ్రెంచి నేర్పే క్లాసులను గమనించిన లైస్టర్, రాంటా 1997లో ఇదే రాశారు: టీచర్లు ఎక్కువగా వాడేది ఈ పద్ధతే, పిల్లలు దాన్ని అందిపుచ్చుకోవడం మాత్రం అన్నిటికంటే తక్కువ. టీచరు తన మాటకు అవునంటున్నాడని పిల్లవాడు అనుకుంటాడు. “మై అంకుల్...?” అని సాగదీసి ఆగి చూడండి. తనే వెతుక్కుంటాడు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఒక సంవత్సరం నా క్లాసులో ఒక అమ్మాయి రాతలో తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. సంతోషించాను. తర్వాత పాత పేజీలు పక్కన పెట్టుకుని చూస్తే తెలిసింది, వాక్యాలు నాలుగేసి మాటలకు కుదించుకుపోయాయి. వచ్చినంతవరకే రాసి ఆగిపోతోంది. నా ఎర్ర గీతలకు భయపడింది. జాక్వెలిన్ షాక్టర్ 1974లో చూపించింది ఇదే: ‘హూ’, ‘విచ్’లతో కట్టే వాక్యాల్లో చైనీస్, జపనీస్ విద్యార్థులు తక్కువ తప్పులు చేశారు, ఎందుకంటే అలాంటి వాక్యాలు రాయడమే తగ్గించేశారు. మన పిల్లలకూ అక్కడ చిక్కే. ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అని మనం విశేషణాన్ని ముందు పెడతాం, ఇంగ్లీషులో అది ‘అబ్బాయి’ అన్న మాట తర్వాత వస్తుంది. తప్పులు లేని పేజీ కనిపిస్తే, అందులో ఏవి రాయలేదో కూడా చూడండి.

ఈ వారం పని. కింది ఐదు వాక్యాలకు మూడు ప్రశ్నలూ వేసి, ఏ తప్పు ఎక్కడిదో, అందులో పిల్లవాడికి అప్పటికే వచ్చినదేమిటో విడివిడిగా రాయండి.

“మై ఫాదర్ గో టు ఫీల్డ్ ఎట్ ఫైవ్.”
“టు మీ టూ సిస్టర్స్ ఆర్ దేర్.”
“మై ఫుట్స్ ఆర్ పెయినింగ్.”
“ఐ డిడ్ నాట్ వెంట్ టు స్కూల్.”
“వేర్ యూ ఆర్ గోయింగ్?”

చివరిదానికి ఒక జవాబు దొరకగానే ఆగకండి. తెలుగులో “నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు” అన్నప్పుడు ప్రశ్న కోసం క్రియ స్థానం మారదు. ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టిన పిల్లలూ ఒక వయసులో ఈ వాక్యం ఇలాగే అంటారు. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. మీ క్లాసులో ఇలా అనే పిల్లవాడి మాటలు ఇంకో నాలుగు రాసుకు రండి. అతను ఏ తలుపు గుండా వచ్చాడో వచ్చే పాఠంలో వాటితోనే తేల్చుదాం.